అరువు నడకల యాకెనె

పెద్ద ఏటి ఒడ్డున సెగూ రేవులో ఎండు ఉల్లి ఉండలు అమ్మిన యాకెనె తెంబెలి సొంత నడక ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు. గొంతు గుర్తుంది. కోలా గింజలు నమిలి నమిలి ఎర్రబారిన పళ్ళు గుర్తున్నాయి. చేపలు పట్టే బోజో జనంలో ఎవరు తన బుట్ట ముందు నుంచి పోయినా ముక్కు మూసుకుని, "చేపల పడవేమో అనుకున్నా, నువ్వా" అనడం గుర్తుంది. నడక దగ్గరికి వచ్చేసరికి పదిమంది పది రకాలుగా చెబుతారు. నడుం వంచి నడిచేదని ఒకరంటే, కాదు, పోలీసు జవానులా రొమ్ము విరుచుకుని నడిచేదని ఇంకొకరంటారు. ఎవరూ అబద్ధమాడటం లేదు. వాళ్ళు చెప్పేవన్నీ చచ్చిపోయినవాళ్ళ నడకలు. యాకెనె వాటిని కాసేపు అరువు తెచ్చుకునేది.

యాకెనె దోగోన్ల ఆడపడుచు. రాతికొండల అంచున ఉల్లి పండించే జనం వాళ్ళు, నీళ్ళంటే భయం. బోజోలు నీటి మీద పుట్టి నీటి మీద పోయేవాళ్ళు, నాగలి పట్టడం చేతకాదు. ఈ ఇద్దరి మధ్య ఉన్న వరసకు ఒక కథ చెబుతారు. కరువు రోజుల్లో ఇద్దరన్నదమ్ములు ఊరు విడిచి పోతున్నారట. తమ్ముడు ఆకలికి పడిపోయాడు. అన్న పొద చాటుకు వెళ్ళి, వేట దొరికిందని చెప్పి మాంసం కాల్చి తెచ్చాడు. తమ్ముడు తిన్నాడు, లేచి నడిచాడు. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే అన్న కుంటుతున్నాడు, తొడ మీద నుంచి రక్తం కారుతోంది. ఆ అన్న బోజో, ఆ తమ్ముడు దోగోన్. పుస్తకాల్లో ఈ కథ నాలుగైదు రకాలుగా చదివాను. కొన్నిట్లో తొడ కోసుకున్నది దోగోనే. రేవులో మాత్రం ఎప్పుడూ ఒకటే కథ, ఎందుకంటే రేవు బోజోలది.

అప్పటి నుంచి ఈ ఇద్దరికీ పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు లేవు. ఒకరి రక్తం ఒకరు కళ్ళచూడకూడదు. ఒకరడిగినది ఇంకొకరు కాదనకూడదు. ఇక మిగిలింది వేళాకోళం. మామూలు బావామరుదుల ఎకసెక్కాలకు ఒక హద్దుంటుంది, ఈ వరసకు చావు కూడా హద్దు కాదు. బోజో ఇంట్లో ఎవరైనా పోతే, ఆ మనిషి కోసం దువా ప్రార్థన చదివే రోజున ఒక దోగోన్ వచ్చి పోయిన మనిషి బట్టలు తొడుక్కుని, ఆ ఇంటి గుమ్మం నుంచి రేవు దాకా అచ్చం ఆ మనిషిలా నడిచి వెళ్ళి తిరిగి రావాలి. దోగోన్ పోతే బోజో వచ్చి నడవాలి. దగ్గు, తిట్టు, పెళ్ళాన్ని పిలిచే పిలుపు, అన్నీ దించెయ్యాలి. చూసేవాళ్ళు నవ్వాలి. అప్పటిదాకా ఏడ్చిన పెళ్ళాం కూడా తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేస్తుంది. ఆ నవ్వుతో పోయినవాడు పూర్తిగా పోతాడు. అంతవరకు అతని ఒక కాలు గుమ్మంలో ఉన్నట్టే. మసీదు పెద్దకు ఇది నచ్చదు. ఆయనకూ వరసైనవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ సమయానికి ఇంకెటో చూస్తుంటాడు.

దించడం అందరికీ వచ్చు. యాకెనె నడక వేరు. వలలు బాగుచేసే ముసలాయన ఒకడు పోయినప్పుడు అతని కుక్క తిండి మానేసి మంచం కింద పడుకుంది. యాకెనె ఆయన చొక్కా వేసుకుని గుమ్మం దాటింది. కుక్క లేచి, తోక ఆడిస్తూ ఆమె వెంట రేవు దాకా వెళ్ళింది. జనం నవ్వడం మర్చిపోయారు. కుక్కలకు వేళాకోళాలు తెలియవు కదా.

ఆ రోజుల్లోనే ఊరికి చూడవచ్చేవాళ్ళు పెరిగారు. ఎర్రమట్టి మేడలు, అవతలి గట్టున కలబుగు ఊళ్ళో మంట పెట్టి కుండలు కాల్చే ఆడవాళ్ళు, ఎగువన పాత సెగూలో రాజు సమాధి, చలికాలం వెళ్ళేటప్పుడు నీటి మీద వేదిక కట్టి వాయించే డప్పులు, ఇవన్నీ వాళ్ళకు కావాలి. సంబరాల పని చూసే కుర్రాఫీసరు ఒకాయన యాకెనె దగ్గరికి వచ్చి, వేదిక మీద కాసేపు నడిచి చూపించమన్నాడు.

"నడుస్తాను నాయనా. ఎవరు పోయారు?"

ఎవరూ పోనక్కర్లేదని, ఊరికే నమూనాకని ఆయన చెప్పాడు.

"అయితే నీ చొక్కా ఇవ్వు."

ఆయన నవ్వాడు. చొక్కా మాత్రం ఇవ్వలేదు. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

ఇక బోజోల్లో నూహుం కరబెంత సంగతి. చూడవచ్చేవాళ్ళను పడవలో అవతలి గట్టుకు, పాత సెగూకు తిప్పేది అతనే. ఒంటి నిండా గెడకర్రతో పడవ నెట్టిన పొగరు. అడుగు వేసినప్పుడల్లా గెడ నీళ్ళలోకి దించినట్టు కుడి భుజం కిందికి వంగేది, మడమలు నేల మీద దబ్‌దబ్‌మనేవి. సందు మొదట్లో ఆ చప్పుడు వినపడగానే అతని పెళ్ళాం జెనెబు పొయ్యి మీద నుంచి సంకటి కుండ దించేది. యాకెనెను చూస్తే అతను, "ఏమే ఉల్లిగడ్డా, ఇంకా కుళ్ళలేదా" అనేవాడు. "నీ చొక్కా కోసం ఆగాను" అనేది ఆమె.

సంబరాలు అయ్యాక, ఎండలు ముదిరే వేళకు, ఎండు చేపలు తేవడానికి దిగువకు పోయాడు నూహుం. దేబో సరస్సులో గాలి లేస్తే పడవలు ఆకుల్లా తిరగబడతాయి. అతని పడవ బోర్లాపడి గడ్డి దుబ్బుల్లో దొరికింది. మనిషి దొరకలేదు. ఆ ఏళ్ళలో అల్లర్ల వల్ల అటు దారులు బాగుండేవి కావు. పడవలు ఆగిపోయాయి, ఫోన్లు అందేవి కావు, ఎవరు బతికున్నారో ఎవరు లేరో కబురు రావడమే గగనమైంది.

వానలు పడ్డాయి. మా బలాంజాన్ చెట్లది తిరకాసు బుద్ధి. లోకమంతా పచ్చబడినప్పుడు ఆకులు రాల్చి ఎముకల్లా నిలబడతాయి, ఎండలకు అన్నీ మాడిపోతుంటే పచ్చగా చిగురిస్తాయి. ఆ బోడి చెట్టు కింద, యాకెనె బుట్ట దగ్గరికి, ఒక పొద్దున నూహుం తమ్ముడు సినాలి వచ్చాడు. అన్నకు దువా చదివించాలని, ఆమె వచ్చి నడవాలని అడిగి వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. విధవ నిష్ఠ గడిచాక వదిన తన ఇంటికి రావడం ఆనవాయితీ, కానీ అతనికి అప్పటికే ఇద్దరు పెళ్ళాలు, మూడో పొయ్యి ముట్టించాలన్న సరదా ఏ కోశానా లేదు. అతని బాధల్లా అన్నను గుమ్మంలో నిలబెట్టి తాము అన్నం తింటున్నామని.

మధ్యాహ్నం జెనెబు వచ్చింది.

"అవ్వా, ఆయన బట్టలు తొడుక్కోకు."

"మీ మరిది పొద్దున్నే వచ్చి తొడుక్కోమని వెళ్ళాడే పిల్లా."

"నేను వద్దని అడుగుతున్నా. నువ్వు నడిచావంటే ఆయన పోయినట్టే. ఆయన పోలేదని నా మనసు చెబుతోంది."

"చేపలకు మనసు కూడా ఉంటుందా" అంది యాకెనె, అలవాటు కొద్దీ.

జెనెబు నవ్వలేదు. అక్కడే, బుట్ట పక్కన తడి నేల మీద కూలబడింది. యాకెనె ఒక ఉల్లి ఉండను అరచేతిలో చాలాసేపు తిప్పింది. సినాలి బోజో, జెనెబూ బోజోనే. ఒకరు నడవమన్నారు, ఒకరు వద్దన్నారు. దోగోన్ మనిషి ఇద్దరినీ కాదనకూడదు.

"చూద్దాంలే, ఏం వస్తుందో" అంది చివరికి.

దువా రోజున నూహుం నీలిమందు చొక్కా తొడుక్కుని, తోలు అంచు గడ్డి టోపీ పెట్టుకుని యాకెనె అతని ఇంటి గుమ్మంలో నిలబడింది. సందు పొడుగునా జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అందరూ ఆ కుడి భుజం వంగడం కోసమే చూస్తున్నారు. ఆమె అడుగు వేసింది. భుజం వంగలేదు. ఎడమ కాలు పక్కకు విసురుగా పోయి వేళ్ళ మీద ఆనింది. మడమ నేలను తాకలేదు. ఎడమ చెయ్యి తొడ మీద పడి నొక్కింది. మళ్ళీ అడుగు, మళ్ళీ వేళ్ళు, మళ్ళీ తొడ మీద చెయ్యి. అలాగే రేవు దాకా వెళ్ళింది, అలాగే తిరిగి వచ్చింది. ఎవరో వెనక నుంచి, "నూహుం కాదర్రా, తొడ కోసుకున్న తాత వచ్చాడు" అన్నారు. దానికి కొందరు నవ్వారు. నూహుమని నవ్వినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఆ నడక చెల్లదని పెద్దలు తేల్చారు. ముసలిది గడుసుదని, సినాలి కోసం బట్టలు తొడుక్కుని, జెనెబు కోసం నడక మార్చిందని ఊరంతా మెచ్చుకుంది. దువా వాయిదా పడింది.

టోపీ తీసి ఇస్తూ యాకెనె జెనెబుతో అన్న మాట వేరు.

"తెలివి అంటున్నారు. నాకంత తెలివి లేదు పిల్లా. నీ మొగుడి నడకే నడుద్దామని గుమ్మం దాటాను. ఇది వచ్చింది."

"ఇదెవరిది అవ్వా?"

"ఏమో. ఈ రేవులో ఇలా నడిచినవాణ్ణి నేను చూడలేదు."

ఎప్పుడైనా బట్టలు విప్పితే నడక కూడా దిగిపోయేది. ఈసారి దిగలేదు. మర్నాడు పొద్దున రేవు ఇసుకలో యాకెనె అడుగుల జాడ చూసినవాళ్ళు ఆగిపోయారు. కుడి పాదం నిండుగా, ఎడమవైపు ఐదు వేళ్ళ గుంటలు మాత్రమే. ఆ తర్వాత రోజూ అదే జాడ. వైద్యుడు కాలు పట్టుకుని చూసి, ఎక్కడా ఏమీ లేదన్నాడు.

అప్పటి నుంచి జెనెబు మధ్యాహ్నం పూట వేయించిన చేప తెచ్చి యాకెనె ముందు పెట్టి, ఎదురుగా కూర్చునేది. చూపంతా ఆ కాలి మీదే.

"నొప్పిగా ఉందా అవ్వా?"

"లేదు. నొప్పి నాది కాదు కదా."

ఆ మాట విన్నప్పుడు నేను పక్కన టీ తాగుతున్నాను. ఆ తర్వాత టీ తాగబుద్ధి కాలేదు. ఒక నెలలో ఉన్నట్టుండి యాకెనె లేవలేకపోయింది, కర్ర పట్టింది. ఆ రోజుల్లో జెనెబు పొయ్యి ముట్టించలేదు. మెల్లగా కర్ర అవసరం తీరింది. ఆ కాలు కుదురుకుంటున్న కొద్దీ జెనెబు ఒంటికి కండ పట్టింది. సినాలికి ఇది నచ్చలేదు. వదిన అన్న కోసం ఎదురుచూస్తోందా, ఉల్లిపాయల ముసలిదాని కాలు కోసమా అని అడిగాడు. రెండూ ఒకటేనని జెనెబు జవాబు చెప్పింది. ఈ చలికాలం పోయి వచ్చే ఏటి చలికాలం దాకా చూస్తానని, ఆ తర్వాత దువా ఆగదని చెప్పి అతను వెళ్ళాడు.

ఆ చలికాలం కూడా అయిపోవచ్చింది. బలాంజాన్లు పచ్చగా ఉన్నాయి, రేవులో సంబరాల వేదికకు కర్రలు పాతుతున్నారు. మిట్టమధ్యాహ్నం దిగువ నుంచి ఎండు చేపల పడవ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఒక బక్కచిక్కిన మనిషి ఇసుకలోకి దిగాడు. ఎడమ కాలు పక్కకు విసిరి, వేళ్ళు ఆనించి, తొడ మీద చెయ్యి నొక్కి. మేకులు కొట్టేవాళ్ళు సుత్తులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. గడ్డం మాసిన ఆ ముఖం కన్నా ముందు ఆ నడకను అందరూ గుర్తుపట్టారు. ఏడాది పైగా రోజూ చూస్తున్న నడక.

నూహుం వాళ్ళ మధ్యకు వచ్చి, తనను చూసి ఎవరూ పలకరించరేమని అడిగాడు. పడవ దూలం కింద కాలు నలిగిందని, గడ్డిలో పడి ఉంటే ఒక చేపల గుడిసెవాళ్ళు ఎత్తుకుపోయారని, ఎముక వంకరగా అతుక్కుందని, మధ్యలో జ్వరాలతో మళ్ళీ మంచాన పడ్డానని, దారి లేక ఆగిపోయానని తర్వాత చెప్పాడు. ముందుగా మాట్లాడింది యాకెనె. ముక్కాలిపీట మీద నుంచి లేవకుండానే అంది:

"వచ్చావా చచ్చినోడా. ఇదిగో, నీ కాలు నువ్వు పట్టుకో. మోసి మోసి అలిసిపోయా."

అని లేచింది. బుట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ఎడమ మడమ నిండుగా నేలకానింది.

జనం నూహుం చుట్టూ మూగారు. సినాలి అన్నను కావలించుకుని ఏడ్చాడు. జెనెబు మొగుడి ముంజేయి రెండు చేతులా పట్టుకుని ఉంది. అప్పుడు ఆమెకు వెనకాల చప్పుడు వినిపించింది, దబ్, దబ్‌మని. తల తిప్పి చూసింది. యాకెనె దూరంగా పోతోంది. అడుగు వేసినప్పుడల్లా ఆమె కుడి భుజం, గెడ దించినట్టు, కిందికి వంగుతోంది.

నూహుం మళ్ళీ పడవ ఎక్కాడు. గెడ వేయలేడు, కాబట్టి చివర కూర్చుని మోటారు తిప్పేవాడు. ఊళ్ళో దోగోన్లంతా అతన్ని "కీర్తిశేషులవారు" అని పిలిచేవాళ్ళు. ఆయన దువాకు ఏ మాంసం వండాలనుకున్నారో అతని ముందే వాదించుకునేవాళ్ళు. చూడవచ్చేవాళ్ళకు కుండల ఆవం చూపించి, రాజు సమాధి చూపించి, తిరిగి వచ్చేటప్పుడు అతను తన చావు కథ చెప్పేవాడు. రోజుకో రకంగా చెప్పేవాడు. వాళ్ళకు సమాధి కన్నా అదే నచ్చేది.

జెనెబు సుఖంగానే ఉందనుకున్నాను. ఒకసారి చేపలు తోముతూ తనంతట తానే చెప్పింది. ఆయన వచ్చాడు, అంతకన్నా ఏం కావాలి అంది. కానీ సాయంత్రం ఆయన వేళ్ళ మీద ఈడ్చుకుంటూ సందులోకి వచ్చేసరికి తను లేవడం మర్చిపోతోందట. యాకెనె అటుగా పోతే మాత్రం ఆ మడమల చప్పుడుకు చేతులు వాటంతటవే పోయి సంకటి కుండ దించేస్తున్నాయట. దించాక చూస్తే గుమ్మంలో ఎవరూ ఉండరు. మొగుడు ఇంకా రేవులోనే ఉంటాడు.

యాకెనెకు ఈ సంగతి ఎలా తెలిసిందో, ఆ సందు మానేసి మసీదు వెనక నుంచి తిరిగి పోవడం మొదలుపెట్టింది. జెనెబు ఆమె బుట్ట దగ్గరికి వెళ్ళి, మా సందులోంచే వెళ్ళు అవ్వా, అని అడిగింది. అడిగింది బోజో కాబట్టి యాకెనె కాదనలేకపోయింది. ఆ తర్వాత ఎవరు పోయినా, ఎవరి బట్టలు తొడుక్కున్నా, యాకెనెకు ఇంకో నడక రాలేదు. వలవాళ్ళ ముసలమ్మ పోతే ఆమె చిన్న చిన్న అడుగుల నడకకు బదులు ఆ గెడ నడకే వచ్చింది. ఇక తనను పిలవొద్దని యాకెనె చెప్పేసింది. జనం కూడా మెల్లగా అదే ఆమె నడక అనుకోవడం మొదలుపెట్టారు.

ఒక వానాకాలం యాకెనె పోయింది. బలాంజాన్ బోడిగా ఉంది. కొండల మీద నుంచి ఆమె అన్న కొడుకు వచ్చాడు, దువా పెట్టుకున్నారు. దోగోన్ పోతే బోజో నడవాలి. నేను నడుస్తానన్నాడు నూహుం. ఈ కుంటికాలితోనా అని తమ్ముడు వారించబోయాడు.

"కుంటుతూ నడిస్తే ఇంకా నవ్వుతారు. ఉల్లిగడ్డకు అదే కదా కావాల్సింది" అన్నాడు నూహుం.

యాకెనె అద్దకపు గుడ్డ నడుముకు చుట్టి, తలగుడ్డ కట్టి, ఖాళీ ఉల్లి బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. మీసాలతో ఆ వేషం చూసి అప్పుడే పిల్లలు కిలకిలమంటున్నారు. అతను గుమ్మం దాటాడు. ఎడమ కాలు తిన్నగా ముందుకు వచ్చింది. మడమ దబ్బుమంది. కుడి భుజం వంగింది.

జనం పగలబడి నవ్వారు. అచ్చం యాకెనె, అచ్చం ముసలిదే అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. అతను ముక్కు మూసుకుని చేపల పడవేమో అనుకున్నానంటే సినాలికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నూహుం ముఖం చూశాను. వేళాకోళం ముఖం కాదు. తన కాళ్ళ వంకే చూసుకుంటూ, ఎక్కడ ఆగిపోతాయోనని భయపడుతున్నట్టు నడుస్తున్నాడు. రేవు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. వెనక తడి మట్టిలో రెండు పాదాలూ నిండుగా పడ్డాయి.

జెనెబు నవ్వలేదు. చచ్చిన మనిషి బట్టలు ఆ ఇంటి గుమ్మంలోనే విప్పాలి. అతను నడుం దగ్గర ముడి మీద చెయ్యి వేసేసరికి ఆమె వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే విప్పకు. మన ఇంటిదాకా ఇలాగే రా."

అది పద్ధతి కాదని పెద్దలు గొణిగారు. యాకెనె అన్న కొడుకు వాళ్ళ మాటకు అడ్డుపడ్డాడు.

"బోజో అడిగింది. కాదనడానికి నేనెవణ్ణి. చేప కంపు పోయేదాకా ఉతికి పంపించండి, చాలు."

జెనెబు ముందు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె వెనకాల ఆ మడమల చప్పుడు సందు మొదట్లోకి వచ్చింది, సందు మలుపు తిరిగింది, గుమ్మం ముందు ఆగింది. ఆమె లోపలికి వెళ్ళి, పొయ్యి మీద నుంచి కుండ దించి, అటు తిరిగే నిలబడింది. గుమ్మం బయట గుడ్డ జారి పడిన చప్పుడైంది. ఆ తర్వాత మట్టి నేల మీద వేళ్ళు ఈడుస్తూ అతను లోపలికి వచ్చాడు. జెనెబు సంకటి వడ్డించింది.